పురుగుల పాత ప్రింట్లు: హాలర్, గుడార్ట్, హుక్, మెరియన్, వీళ్ళలో ఎవరితో మొదలుపెట్టాలి?

మా తమ్ముడి కూతురు బీఎఫ్‌ఏలో (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ప్రింట్‌మేకింగ్ తీసుకుంది, అంటే రేకు లాంటి దాని మీద బొమ్మ గీసి, సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీయడం. ఈ సెమిస్టర్‌లో పాతకాలం ఆర్టిస్టు ఎవరిదైనా ఒక సెట్ పట్టుకుని, అందులో గీత ఎలా నడిచిందో చూసి రెండు మూడు ప్లేట్లు (ఒక్కో రేకు బొమ్మ ఒక్కో ప్లేట్) కాపీ చేయమన్నారంట. దీనికేమో చిన్నప్పట్నుంచి పురుగుల పిచ్చి, తొలకరి పడగానే అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగుల్ని వేసుకుని బడికెళ్ళిన రకం. (ఆరుద్ర పురుగు అసలు కీటకం కాదు, సాలీడుకి చుట్టం, కానీ పదిహేడో శతాబ్దంలో ఆ తేడా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పాకేదీ ఎగిరేదీ అన్నీ ఒక గాటనే కట్టేసేవాళ్ళు.) "అత్తా, హాలర్ బాగున్నాడు, హుక్ బాగున్నాడు, మెరియన్ గురించైతే ఇంక చెప్పక్కర్లేదు, ఏది తీసుకోను?" అని ఫోన్. వీళ్ళంతా మూడు నాలుగొందల ఏళ్ళ కిందట యూరప్‌లో పురుగుల బొమ్మలు అచ్చు వేసినవాళ్ళు. గంటసేపు చెప్పాను, సగం మర్చిపోయానంటే ఇదిగో రాసి పెడుతున్నా, ఇదే డౌట్‌తో ఆగిపోయిన వాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. నెట్‌లో వెతికితే ఫస్ట్ వచ్చేవి మెరియన్ రంగుల బొమ్మలే, అందరూ అక్కడే పడిపోతారు, నేనూ పడ్డాను. కానీ ఆ రంగు ప్రింట్‌లో భాగం కాదండి. అది ప్రింట్ అయిపోయాక ఎవరో కూర్చుని చేత్తో వేసింది. మీరు నిజంగా ప్రింట్‌నే ఎంచుకుంటున్నట్టయితే రంగు తీసేసి చూడాలి, అప్పుడు ఎవరు ఎక్కడ నిలబడతారో తెలుస్తుంది.

అసలు ఆ కాలంలోనే పురుగులు ఎందుకు

ఈ ప్రింట్లది బరోక్ కాలం, అంటే యూరప్ కళలో ఆర్భాటపు శైలి నడిచిన రోజులు, సుమారుగా 1600 నుంచి 1750 దాకా. మన వైపు గోల్కొండలో కుతుబ్‌షాహీలు ఉన్న రోజులు, డచ్చి వాళ్ళు మచిలీపట్నంలో దిగింది 1605లో. అదే డచ్చి వాళ్ళ ఓడల్లో ప్రపంచం నలుమూలల నుంచీ ఎండిన పురుగులు, గవ్వలు, విత్తనాలు ఆమ్‌స్టర్‌డామ్‌కి చేరేవి, డబ్బున్న వాళ్ళు వాటిని అద్దాల బీరువాల్లో పెట్టుకుని చుట్టాలకి చూపించుకునేవాళ్ళు. మైక్రోస్కోప్ అప్పుడే వచ్చింది. పైగా ఒక పెద్ద గొడవ నడుస్తోంది, పురుగులు ఎక్కడ్నుంచి పుడతాయి అని. కుళ్ళిన మాంసంలోంచి, బురదలోంచి వాటంతట అవే పుడతాయని చదువుకున్న వాళ్ళు కూడా నమ్మేవాళ్ళు. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి మాంసం పెట్టిన జాడీలకి పల్చటి గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు పట్టదని చూపించాడు. అంటే ఈ ప్రింట్లు అలంకారం కోసమే వేసినవి కావు, చాలావరకు ఒక వాదనలో సాక్ష్యాలు.

ఇంకోటి, రాగి రేకు. అంతకుముందు పురుగుల పుస్తకాల్లో చెక్క అచ్చులు వాడేవాళ్ళు, ఇటలీలో ఆల్డ్రోవాండి 1602 పుస్తకం, లండన్‌లో 1634లో వచ్చిన మోఫెట్ పుస్తకం అలాంటివే. చెక్క మీద గీత చుట్టూ ఉన్న కలపంతా తీసేయాలి కాబట్టి ఈగ కాలి మీది నూగు కూడా కొబ్బరి పీచులా లావుగా వస్తుంది. రాగిలో అయితే గీతే గాడి, వెంట్రుకంత సన్నగా వెళ్ళొచ్చు. పురుగుకి రాగి రేకు దొరికాకే దాని మొహం దానికి వచ్చింది అనుకోండి.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది గీత ఎలా పుట్టింది అనేది. ఎచ్చింగ్ అయితే రేకు మీద మైనం, తారు, జిగురు కలిపిన పూత వేసి, సూదితో ఆ పూతని మాత్రం గీసి, తర్వాత యాసిడ్‌కి వదిలేస్తారు, గీసిన చోట రాగిని యాసిడ్ తినేస్తుంది. చెయ్యి కాగితం మీద నడిచినంత ఈజీగా నడుస్తుంది. ఎన్‌గ్రేవింగ్ అయితే బ్యూరిన్ అనే మొన తేలిన ఉలితో రాగిని నేరుగా చెక్కుతూ పోవాలి, గీత సన్నగా మొదలై లావయ్యి మళ్ళీ సన్నగా ముగుస్తుంది, చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. కాలేజీలో మొదటి రెండేళ్ళ పిల్లలకి చేతికొచ్చేది ఎచ్చింగే. (ఆ పూతలో మైనం తేనెటీగలదే కదా, పురుగు ఇచ్చిన మైనం మీద పురుగు బొమ్మ గీయడం, నాకెందుకో ఇది తలుచుకుంటే భలే సరదాగా ఉంటుంది.)

రెండోది పురుగు ఒక్కతే ఉందా, గుడ్డు, గొంగళి, గూడు అన్నీ కలిపి ఉన్నాయా, తినే చెట్టుతో సహా ఉందా. మూడోది వేసిన మనిషి దాన్ని బతికుండగా చూశాడా, ఎండిపోయాక చూశాడా, లేక ఇంకొకరి బొమ్మ చూసి దించేశాడా. నాలుగోది సైజు. అయిదోది మంచి ఫైల్ ఫ్రీగా దొరుకుతుందా లేదా. రంగుని కావాలనే ఈ లిస్ట్‌లో పెట్టలేదు.

చాలామందికి ఇంకో భయం ఉంటుంది, ప్రింట్ తీస్తే కుడి ఎడమ తారుమారు అయిపోతాయి కదా అని. గవ్వల విషయంలో అది నిజంగా సమస్యే, రెంబ్రాంట్ 1650లో ఒక శంఖం లాంటి గవ్వని ఎచ్చింగ్ చేస్తే సంతకం సరిగ్గా పడింది గానీ గవ్వ చుట్టు మాత్రం ఉల్టా తిరిగింది, ప్రకృతిలో అది కుడివైపు తిరగాలి. సీతాకోకచిలుకకి ఆ బాధ లేదు, రెండు వైపులా ఒకటే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పురుగు మంచి సబ్జెక్ట్ అని నేననడానికి ఇదో కారణం.

| | హాలర్ | గుడార్ట్ | హుక్ | మెరియన్ |
|---|---|---|---|---|
| ఎప్పుడు, ఎక్కడ | 1646, ఆంట్‌వెర్ప్ | 1660ల్లో, మిడిల్‌బర్గ్ | 1665, లండన్ | 1679, 1683 జర్మనీ. 1705 ఆమ్‌స్టర్‌డామ్ |
| ఏం కనిపిస్తుంది | పురుగు మాత్రమే, తెల్ల కాగితం మీద | గొంగళి, గూడు, రెక్కల పురుగు వరసగా | ఒకే పురుగు, రాక్షసి సైజులో | చెట్టుతో సహా మొత్తం జీవితం |
| బతికున్నదా | ఎక్కువగా సేకరణలోవి | తనే పెంచినవి | బతికినవీ చచ్చినవీ, మైక్రోస్కోప్ కింద | తనే పెంచినవి |
| సైజు | అరచేయంత | చిన్న పుస్తకం పేజీ | మడతలు విప్పే షీట్లు | మొదటివి చిన్నవి, 1705వి చాలా పెద్దవి |
| కాపీ చేయడం | వీలైనదే, కానీ ఓపిక కావాలి | తేలిక | కష్టం | చిన్నవి వీలు, పెద్దవి కష్టం |

హాలర్

వెన్సెస్లాస్ హాలర్ 1607లో ప్రాగ్‌లో పుట్టాడు. కుర్రతనంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మత్తేయస్ మెరియన్ అనే ఆయన వర్క్‌షాప్‌లో పనిచేశాడు, ఆ మత్తేయస్ ఎవరో కాదు, మన మరియా సిబిల్లా మెరియన్ తండ్రి, అప్పటికి ఆవిడ ఇంకా పుట్టలేదు. తర్వాత అరుండెల్ ప్రభువు కంట్లో పడి ఇంగ్లండ్ వెళ్ళాడు, అక్కడ రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలయ్యేసరికి 1644లో ఆంట్‌వెర్ప్ చేరాడు. అక్కడే 1646లో ఈగలు, పేడపురుగులు, పాకే పురుగుల రకరకాల రూపాలు అని లాటిన్‌లో పొడుగాటి పేరు పెట్టి 12 ప్రింట్ల సెట్ వేశాడు. ఇవన్నీ అరుండెల్ సేకరణలోవే, యాసిడ్‌తో రాగి మీద దించినవే అని ఆ టైటిల్ పేజీలోనే రాసుకున్నాడు.

హాలర్ గొప్పతనం అంతా మెత్తదనంలో ఉంది. ఈయన ఆడవాళ్ళు చలికి చేతులు పెట్టుకునే బొచ్చు తొడుగుల్ని కూడా ఎచ్చింగ్ చేశాడు, చూస్తే వేలు పెట్టి నిమరాలనిపిస్తుంది, ఆ చెయ్యే చిమ్మెట రెక్కల మీద పనిచేసింది. దగ్గరికి జూమ్ చేసి చూడండి, పొడవాటి గీత ఎక్కడా ఉండదు, అన్నీ చిన్న చిన్న పోట్లు, కొన్ని దగ్గరగా కొన్ని దూరంగా, ముదురు కావాల్సిన చోట యాసిడ్‌లో ఎక్కువసేపు, లేత కావాల్సిన చోట ముందే వార్నిష్ పూసి ఆపేయడం, అంతే, ఆ రెక్క మీది పొడి అలాగే పుట్టింది. ఆయన్ని ఎరిగిన జాన్ ఆబ్రీ అనే ఆయన రాసిపెట్టాడు, హాలర్‌కి దూరపు చూపు బొత్తిగా ఆనదు, అందుకే పని అంత సన్నగా ఉంటుంది, భూతద్దం లేకుండా దాని విలువ తెలియదు అని. నాకు మైనస్ ఆరు పవర్, అద్దాలు తీసేసి సూదిలో దారం ఎక్కించే దాన్ని, కాబట్టి ఈ మాట నాకు బాగా అర్థమైంది.

లోటు ఏంటంటే, ఇవి బతికున్న పురుగులు కావు. రెక్కలు చాపి అమర్చిన నమూనాలు. ఏ చెట్టు మీద ఉంటుంది, ఎలా పుట్టింది, పేరేంటి, ఏమీ ఉండదు. ఒకే రేకు మీద 41 పురుగులు వేసిన ప్రింట్ ఒకటుంది, అందంగా ఉంటుంది, కానీ దుకాణంలో బటన్లు పేర్చినట్టు ఉంటుంది. సైన్స్ కావాలంటే ఇక్కడ పెద్దగా దొరకదు. గీత నేర్చుకోవాలంటే మాత్రం నా లెక్కలో మొదటి స్థానం హాలర్‌దే, పైగా ఈయన బరోక్ అంటే మనకి గుర్తొచ్చే ఆర్భాటం ఏమీ లేకుండా ఒక పేడపురుగుని పేడపురుగులాగా వదిలేశాడు.

గుడార్ట్

యాన్ గుడార్ట్ పేరు చాలామంది వినే ఉండరు. 1617లో పుట్టాడు, హాలండ్‌లో మిడిల్‌బర్గ్ ఊరు, వృత్తి పెయింటింగ్. ఏళ్ళ తరబడి గొంగళి పురుగుల్ని ఇంట్లో పెంచి, ఏది ఏం తింటుందో, ఎన్నాళ్ళకి గూడు కడుతుందో, ఏమై బయటికొస్తుందో రాసుకుని 1660ల్లో మూడు భాగాలుగా వేశాడు. ఒక్కో ప్లేట్‌లో ఒక్కో పురుగు కథ, గొంగళి, గూడు, రెక్కలొచ్చాక రూపం. అలంకారం సున్నా. చెట్టు లేదు, పువ్వు లేదు.

బొమ్మలుగా ఇవి హాలర్ ముందు తేలిపోతాయి, దాచుకోవడం ఎందుకు. కానీ నాకు ఈయనంటే ఇష్టం, ఎందుకంటే తప్పు కూడా నిజాయితీగా వేశాడు. గొంగళిలో పరాన్నజీవి కందిరీగలు, ఈగలు గుడ్లు పెడతాయి కదా, అవి లోపల తిని పెరిగి బయటికొస్తాయి. ఈయన ఒకే రకం గొంగళిలోంచి ఒకసారి సీతాకోకచిలుక, ఇంకోసారి ఈగల గుంపు రావడం చూసి, అయితే ఒకే గొంగళి నుంచి వేరేవేరే జీవాలు పుడతాయి కాబోలు అనుకున్నాడు. చూసింది కరెక్టే, అర్థం చేసుకున్నదే తేడా. 1682లో మార్టిన్ లిస్టర్ ఇంగ్లీషులో యార్క్ నుంచి దీన్ని వేయించినప్పుడు పురుగుల్ని జాతుల వారీగా మళ్ళీ సర్దాడు, ప్లేట్లు కొత్తగా వేసింది ఫ్రాన్సిస్ ప్లేస్, హాలర్‌తో కలిసి పనిచేసిన మనిషే. రెండు ఎడిషన్లూ పక్కపక్కన పెట్టుకుని ఒకే పురుగు గీత ఎలా మారిందో చూడటం మంచి ఎక్సర్‌సైజ్.

స్కూల్లో బయాలజీ చెప్పేవాళ్ళకి, రూపాంతరం పాఠానికి ఏదైనా పాత బొమ్మ చూపించాలనుకునేవాళ్ళకి గుడార్ట్ బాగా కుదురుతాడు. గోడకి పెట్టుకుందామంటే నిరాశే.

హుక్

రాబర్ట్ హుక్ ఆర్టిస్ట్ కాదు కానీ కుర్రాడిగా ఉన్నప్పుడు కొన్నాళ్ళు పీటర్ లీలీ అనే పెయింటర్ దగ్గర పని నేర్చుకున్నాడు, అది ఆయన మైక్రోగ్రాఫియా పుస్తకంలో తెలుస్తుంది. 1665లో లండన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ వేసిన ఆ పుస్తకంలో 38 ప్లేట్లున్నాయి, అందులో పురుగులవి కొన్నే, కానీ అవే పుస్తకాన్ని నిలబెట్టాయి. మిల్లీమీటర్ రెండు మిల్లీమీటర్లుండే ఫ్లీ, అదే కుక్కల ఒంటి మీద గెంతే పురుగు, దాన్ని మడతలు విప్పితే అడుగున్నర వచ్చే షీట్ మీద వేశాడు. డొప్పలు డొప్పలుగా కవచం, కాళ్ళ మీద ముళ్ళు, యుద్ధానికి బయల్దేరిన ఏనుగులా ఉంటుంది. శామ్యూల్ పీప్స్ అనే ప్రభుత్వోద్యోగి ఆ పుస్తకం కొనుక్కుని రాత్రి రెండింటి దాకా చదువుతూ కూర్చున్నానని డైరీలో రాసుకున్నాడు.

పేను అయితే ఇంకా పెద్ద షీట్, మనిషి వెంట్రుకని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. దాని గురించి హుక్ ఏమంటాడంటే, ఎంత గొప్పవాళ్ళ నెత్తినైనా తొక్కడానికి వెనకాడదు, దీనికి కిరీటం అంటేనే మోజు అని. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందని మనవాళ్ళన్నారు కదా, అక్కడా ఇక్కడా పేను మీద ఒకటే అభిప్రాయం.

ఎంచుకునేవాళ్ళు గమనించాల్సింది ఏంటంటే ఇవి ఫోటోలు కావు, ఒక్క చూపులో కనిపించినవీ కావు. అప్పటి మైక్రోస్కోప్‌లో ఒకేసారి కొంచెం భాగమే స్పష్టంగా కనిపిస్తుంది, వెలుతురు మారితే గుంట గుబ్బలాగా, గుబ్బ గుంటలాగా కనిపిస్తుంది. అందుకే రకరకాల వెలుతురులో, రకరకాల కోణాల్లో చూసి అసలు రూపం ఇదీ అని తేల్చుకున్నాకే గీస్తానని ముందుమాటలో చెప్పుకున్నాడు. అంటే ఆ ఫ్లీ బొమ్మ ఎన్నో చూపుల్ని అతికించింది. చీమని గీద్దామంటే అది ఒకచోట నిలబడదు, చంపితే ముడుచుకుపోతుంది, చివరికి దాన్ని బ్రాందీలో ముంచి తాగించి పడుకోబెట్టాడు, గంటసేపు చచ్చినట్టు పడుంది, ఉన్నట్టుండి లేచి పారిపోయింది అని రాశాడు. ఆ ముక్క చదివాక ఆ చీమ ప్లేట్ మీద ప్రేమ పెరిగిపోయింది నాకు.

కాపీ చేయడానికి మాత్రం హుక్ మంచివాడు కాదు. గుండ్రదనం కోసం ఒక దాని మీద ఒకటి పడే వంపు గీతలు, పద్ధతిగా, సమానంగా ఉంటాయి, చెయ్యి తిరిగిన ఎన్‌గ్రేవర్ల పని అది. జింక్ ప్లేట్ మీద ఎచ్చింగ్ సూదితో అనుకరిస్తే వలలో పడ్డ పురుగులా వస్తుంది. గోడకి, ముఖ్యంగా పెద్ద గోడకి, హుక్‌ని మించినది లేదు. నేను ఈగ తల బొమ్మ, రెండు కళ్ళూ జల్లెడలా ఉంటాయే, అది ఏ2 సైజులో వేయించి డైనింగ్ టేబుల్ ఎదురుగా పెట్టాను. మా ఆయన ఈగని చూస్తూ అన్నం తినలేనన్నాడు. ఇప్పుడది స్టోర్ రూమ్ తలుపు మీద ఉంది.

మెరియన్

ఇక అసలు గొడవంతా ఇక్కడే. మెరియన్ అంటే ఒకటి కాదు, కనీసం ఇద్దరు మెరియన్లు అనుకోండి, ఎందుకంటే జనం దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్ళొచ్చి 1705లో వేసిన పుస్తకమే చూసి ఆగిపోతారు, దానికి పాతికేళ్ళ ముందు ఆవిడే స్వయంగా ఎచ్చింగ్ చేసిన గొంగళి పురుగుల పుస్తకం సంగతి తెలియదు.

మరియా సిబిల్లా మెరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు, మారుతండ్రి యాకబ్ మారెల్ పువ్వుల పెయింటర్. పదమూడేళ్ళప్పుడు పట్టుపురుగుల్ని పెంచడంతో మొదలుపెట్టింది. 1679లో గొంగళి పురుగుల పుస్తకం మొదటి భాగం 50 ప్లేట్లతో, 1683లో రెండోది ఇంకో 50తో. మొదటి ప్లేటే మల్బరీ ఆకుల మీద పట్టుపురుగు. హిందూపురం, ధర్మవరం వైపు వాళ్ళు ఎవరైనా దాన్ని చూస్తే వెంటనే గుర్తుపడతారు, గుడ్లు, పొదిగాక వచ్చే నూలుపోగంత పిల్లలు, పెరిగిన పురుగు, గూడు, చిమ్మెట, చంద్రికల (పట్టుపురుగులు గూడు కట్టే తట్టలు) దగ్గర రోజూ చూసేవే అన్నీ ఒకే కొమ్మ చుట్టూ కూర్చి ఉంటాయి.

ఆ "ఒకే కొమ్మ చుట్టూ" అన్నదే ఆవిడ చేసిన కొత్త పని. గుడార్ట్ వరసలో పేర్చాడు, హాలర్ చెదరగొట్టాడు, ఈవిడ తినే చెట్టు మీద కూర్చోబెట్టింది. గొంగళి తిన్న చిల్లులు కూడా ఆకుకి ఉంటాయి. పురుగు, దాని తిండి, దాని శత్రువు, అన్నీ ఒక బొమ్మలో. ఆ మొదటి పుస్తకం ప్లేట్లు చిన్నవి, గీత సాదాగా ఉంటుంది, ఆవిడ చేతిదే. నేర్చుకునేవాళ్ళకి మెరియనే కావాలనుకుంటే నేను ఇదే తీసుకోమంటాను.

సూరినామ్ పుస్తకం వేరే లెవెల్. 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, చిన్న కూతురు డొరొతియాని వెంటేసుకుని ఓడెక్కి దక్షిణ అమెరికా వెళ్ళింది, జబ్బు చేసి 1701లో వెనక్కొచ్చింది. 1705లో 60 ప్లేట్లతో డచ్, లాటిన్ భాషల్లో వేసింది. రాగి మీద ఎక్కువ భాగం చెక్కింది ఆవిడ కాదు, కూలికి పెట్టుకున్న ఎన్‌గ్రేవర్లు, యోసెఫ్ ముల్డర్, పీటర్ స్లైటర్ లాంటి వాళ్ళు. డ్రాయింగ్, కంపోజిషన్ ఆవిడవి, గీత వాళ్ళది. కంపోజిషన్ చూడాలంటే దీనికి సాటి లేదు, మెలికలు తిరిగే తీగలు, పేజీ అంచు దాకా పాకే గొంగళి పురుగులు, బరోక్ అనే మాటకి అర్థం అక్కడ కనిపిస్తుంది.

చెట్లన్నీ మనకి తెలిసినవే అవ్వడం ఇంకో తమాషా. మొదటి ప్లేట్ అనాసపండు, దాని మీద బొద్దింకలు. తర్వాత జామ, జీడిమామిడి, బొప్పాయి, అరటి, దానిమ్మ, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలం. వీటిలో చాలావరకు అమెరికా నుంచే మన పెరట్లోకి వచ్చినవి, ఆవిడ వాటిని వాటి పుట్టింట్లో చూసింది. 45వ ప్లేట్ చెట్టు మన ఇళ్ళ ముందు పెంచే రత్నగంధి. ఆ బొమ్మ పక్కన ఆవిడ రాసింది చదివితే మాత్రం ఆ చెట్టుని మామూలుగా చూడలేం. అక్కడి తోటల్లో బానిసలుగా ఉన్న ఆడవాళ్ళు తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని ఆ గింజలు వాడి గర్భం పోగొట్టుకునేవాళ్ళు, ఆ మాట వాళ్ళే నాకు చెప్పారు అని రాసింది. ఆవిడకి పురుగుల్ని తెచ్చిపెట్టినవాళ్ళలో, అడవిలో దారి నరికినవాళ్ళలో ఆ బానిసలూ, అక్కడి స్థానికులూ ఉన్నారు. అందమైన బొమ్మల పుస్తకం అని గోడకి పెట్టుకునే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

ఖచ్చితత్వం దగ్గర కొంచెం జాగ్రత్త. 18వ ప్లేట్‌లో జామ కొమ్మ మీద పెద్ద సాలీడు ఒక చిన్న పిట్టని తింటుంటుంది, పక్కనే చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కడతాయి. పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు దీన్ని కట్టుకథ అని ఎగతాళి చేశారు, తర్వాత బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్‌లో సాలీడు పిట్టల్ని పట్టడం చూశాడు. అక్కడ ఆవిడే గెలిచింది. కానీ లాంతరు పురుగు తల రాత్రి దీపంలా వెలుగుతుంది, ఆ వెలుగులో చదువుకోవచ్చు అన్నది మాత్రం నిలబడలేదు. కొన్ని ప్లేట్లలో గొంగళి ఒకదానిది, చిమ్మెట ఇంకోదానిది.

ఇప్పుడు రంగు. సూరినామ్ పుస్తకం రంగు లేకుండా ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి 15 గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు), రంగు వేసింది 45 గిల్డర్లు. అంటే మూడింతలు. ఏ కాపీకి ఎవరు ఎప్పుడు రంగు వేశారో దాన్నిబట్టి ఒకే ప్లేట్ రెండు కాపీల్లో రెండు రకాలుగా ఉంటుంది, ఒక దాంట్లో నీలం ఉన్న రెక్క ఇంకోదాంట్లో బూడిద రంగు. తర్వాతి రోజుల్లో వ్యాపారులు రంగు వేయించినవీ ఉన్నాయి. ఇంకో రకం ఉంది, కౌంటర్‌ప్రూఫ్ అని. అప్పుడే తీసిన ప్రింట్ మీద సిరా ఆరకముందే ఇంకో తడి కాగితం వేసి ప్రెస్‌లో పెడితే దానిమీద లేతగా, రేకు మీద ఉన్న వైపే పడుతుంది, రేకు అంచు నొక్కు కూడా ఉండదు, దాని మీద రంగు వేస్తే పెయింటింగ్‌లా కనిపిస్తుంది. మెరియన్ ఇలాంటివి కొన్ని చేసింది. చూడ్డానికి అద్భుతం. కానీ గీత నేర్చుకునేవాళ్ళు కౌంటర్‌ప్రూఫ్ స్కాన్ ముందు పెట్టుకుంటే తల పట్టుకోవాల్సిందే, గీత సగం ఆవిరైపోయి ఉంటుంది. మా మేనకోడలు మొదట డౌన్‌లోడ్ చేసింది అదే.

మిగతా వాళ్ళు, క్లుప్తంగా

యోరిస్ హూఫ్‌నాగెల్ బొమ్మల్ని కొడుకు యాకబ్ 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్‌గ్రేవ్ చేశాడు, పువ్వులు పళ్ళు పురుగులు లాటిన్ సూక్తులు కలగలిపి. బరోక్‌కి కాస్త ముందుది, కానీ తర్వాత వందేళ్ళు అందరూ దీన్ని చూసే కాపీ కొట్టారు. కలంకారీ, ఎంబ్రాయిడరీ డిజైన్ చేసేవాళ్ళు నేరుగా ఇక్కడికే వెళ్ళండి, పేజీలో ఖాళీని నింపడం ఇంత బాగా ఇంకెవరికీ రాదు. రోమ్‌లో 1625లో మైక్రోస్కోప్‌లో చూసి వేసిన మూడు తేనెటీగల ప్రింట్ ఒకటుంది, స్టెల్లూటి అనే ఆయనదీ, ఆయన ఉన్న లించెయ్ అకాడమీ అనే శాస్త్రవేత్తల సంఘానిదీ, అప్పటి పోప్ వంశం చిహ్నం మూడు తేనెటీగలు కాబట్టి ఆయన్ని మెప్పించడానికి. ఒక్క షీట్ కాబట్టి సెట్‌గా పనికిరాదు. డచ్చి శాస్త్రవేత్త స్వామర్‌డామ్ పురుగుల్ని కోసి లోపల చూపించిన బొమ్మలు సైన్స్ వాళ్ళకి ముఖ్యం, ఆర్ట్ స్టూడెంట్‌కి తొందరేం లేదు.

మీరు ఎలాంటి వాళ్ళు అన్నదాన్ని బట్టి

ఎచ్చింగ్ నేర్చుకుంటున్నారా, హాలర్. రెండోది కావాలంటే మెరియన్ 1679. మన తెలుగువాళ్ళలో లక్ష్మా గౌడ్ గారి ఎచ్చింగ్‌లు ఎప్పుడైనా చూసి ఉంటే సన్నటి గీతలతో ఒంటి మీది నూగు, చెట్టు బెరడు ఎలా పలుకుతాయో మీకు ఐడియా ఉంటుంది, ఆ కన్నుతో హాలర్‌ని చూడండి.

ఇంట్లో గోడకా, హుక్ ఫ్లీ లేదా సూరినామ్ పుస్తకంలో ఏదైనా, మీ ఇంట్లోవాళ్ళ ఆకలిని బట్టి. పిల్లలకి చూపించడానికా, హుక్ చీమ కథతో మొదలుపెట్టి గుడార్ట్‌కి రండి, మెరియన్ సాలీడు ఎలాగూ వాళ్ళే వెతుక్కుంటారు.

ఒరిజినల్ షీట్ కొందామనుకునేవాళ్ళు, ముఖ్యంగా బయటి దేశాల్లో ఉండి వేలంపాటలు చూసేవాళ్ళు, కొంచెం ఆగండి. సూరినామ్ ప్లేట్లు 1705తో అయిపోలేదు, 1719లో 12 ప్లేట్లు కలిపి మొత్తం 72తో మళ్ళీ వేశారు, తర్వాత 1726, 1730, 1771లో కూడా వచ్చాయి. రాగి మెత్తటి లోహం, ప్రెస్ కింద నలిగేకొద్దీ సన్న గీతలు ముందు మాయమవుతాయి, దాన్ని కప్పడానికి రంగు దట్టంగా వేస్తారు. రంగు ఎంత మందంగా ఉంటే అంత అనుమానించండి. భూతద్దంలో గీత బదులు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఆధునిక ఆఫ్‌సెట్ ప్రింట్, ఇంకేం ఆలోచించక్కర్లేదు. కాగితాన్ని వెలుతురుకి పెడితే పాతదాంట్లో ఆ కాగితం చేసిన జల్లెడ అచ్చు తీగల గీతలు కనిపిస్తాయి, రేకు అంచు నొక్కు వేలికి తగులుతుంది. నేనొకసారి ఒక ఆన్‌లైన్ షాప్‌లో "పురాతన హాలర్" అని కొన్నాను, వచ్చిందాన్ని లూప్ (చిన్న భూతద్దం) కింద పెడితే గులాబీ చుక్కలు. వాపస్ తీసుకోలేదు, దానికి వెనకాల మా ఇంటి కరెంటు బిల్లులు క్లిప్ చేసుకుంటున్నా.

ఫైళ్ళు అయితే ఫ్రీగానే దొరుకుతాయి. హాలర్‌కి టొరంటో యూనివర్సిటీలోని ఫిషర్ లైబ్రరీ, న్యూయార్క్ మెట్ మ్యూజియం. డచ్ వాళ్ళకి ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం. గుడార్ట్, మెరియన్ పుస్తకాలు పేజీ పేజీ కావాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పెద్ద ఫైల్ ఎంచుకోండి, హాలర్ ప్రింట్ అసలే అరచేయంత, చిన్న జేపీజీలో ఆ పోట్లన్నీ బూడిదలా కలిసిపోతాయి.

మా మేనకోడలు చివరికి హాలర్ చిమ్మెట ఒకటి తీసుకుంది. మొదటి ప్లేట్ యాసిడ్‌లో పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయిందంట, దగ్గర దగ్గర గీతలన్నీ తినేసి కలిసిపోయి ఎడమ రెక్క మొత్తం తారు మరకలా వచ్చింది. ప్రింట్ ఫోటో పంపి "అత్తా, ఇది చిమ్మెటా, బొద్దింకా?" అని అడిగింది. ఈసారి చిన్న ముక్క మీద ఒక నిమిషం, రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు అని టెస్ట్ పట్టీ తీసి చూసుకుంటోంది. మూడు నిమిషాలు దాటనివ్వదంట.